సరిహద్దు ఊరి పిల్లలూ స్పానిష్ చదువూ
(తెలుగు భాషా దినోత్సవం నాడు పర్లాకిమిడిలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, ముందు వరసలో కూర్చున్న ప్లస్ టూ పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం.

ఇవాళ గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో, ఆయన పేరు మీద జరిగే సభలో నన్ను స్పానిష్ చదువు గురించి మాట్లాడమన్నారు. ఇందాక టిఫిన్ల దగ్గర ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "ఇక్కడ తెలుగు బడులకే పిల్లలు కరువైపోతుంటే మధ్యలో ఈ స్పానిష్ ఎందుకమ్మా?" న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు నేను మాట్లాడబోయేదంతా దానికి జవాబే అనుకోండి.

జవాబు ముందే చెప్పేస్తాను, వివరాలు తర్వాత. స్పానిష్ ప్రపంచం అంటే ఒక్క భాష కాదు. ఒక పెద్ద భాష, దాని పక్కనే కలిసి మెలిసీ, ఒక్కోసారి నలిగిపోతూ, ఒక్కోసారి ఎదురుతిరిగీ బతుకుతున్న వందల భాషలు. అలాంటి బతుకు మనకు పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, సంతలో సవర వింటారు, టీవీలో హిందీ చూస్తారు, పరీక్షలకు ఇంగ్లీషు బట్టీపడతారు. ఈ అలవాటుని మనం లోటు అనుకుంటున్నాం. "మా వాడికి ఏ భాషా సరిగ్గా రాదండీ" అంటాం. స్పానిష్ చదువుకి మాత్రం ఇదే పెట్టుబడి. ఈ మాట మీ ముందు గట్టిగా చెప్పాలనే వచ్చాను.

లెక్కలు కొన్ని చెప్పి ముందుకెళ్తాను. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాషగా నడుస్తోంది. స్పెయిన్ ఒకటి, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా 18, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ ఒకటి. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లు 50 కోట్లకు దగ్గర. అందులో స్పెయిన్ వాళ్లు పదిమందిలో ఒక్కరే. ఒక్క మెక్సికోలోనే స్పెయిన్‌కి రెండింతల పైన జనం ఉన్నారు. అందుకే విశ్వవిద్యాలయంలో దీన్ని ఒక్క దేశం భాషగా చెప్పరు. ఢిల్లీ జేఎన్‌యూలో ఈ విభాగం పేరులోనే స్పానిష్, పోర్చుగీస్, ఇటాలియన్‌లతో పాటు లాటిన్ అమెరికా అధ్యయనాలు కూడా ఉంటాయి. మనకు దగ్గరలో హైదరాబాద్‌లో ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం మొదలైన ఆ సంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనూ స్పానిష్ ఆనర్స్ ఉంది. ఈ బీఏ ఆనర్స్ కోర్సుల్లో చేరడానికి ముందుగా స్పానిష్ ముక్క కూడా రానక్కర్లేదు. "నా పేరు ఫలానా" దగ్గర్నుంచే మొదలుపెడతారు. మొదటి ఏడంతా వినడం, పలకడం, వ్యాకరణం. రెండో ఏడు నుంచి రాయడం, అనువాదం, స్పెయిన్ చరిత్ర, అమెరికా ఖండపు చరిత్ర. మూడో ఏటికి కథలూ కవితలూ నాటకాలూ సొంతంగా చదివి వాటి మీద వ్యాసం రాయగలగాలి. మొదటి ఏడు టెన్షన్ తప్పదు. ముఖ్యంగా మొదటి మూడు నాలుగు నెలలు.

ఆ మొదటి నెలల గురించి కాస్త విడమరిచి చెప్తాను. ఎందుకంటే మన పిల్లలు అక్కడే వెనకపడతారు, పడాల్సిన అవసరం లేకుండానే.

మన దేశంలో స్పానిష్‌ని దాదాపు అన్నిచోట్లా ఇంగ్లీషు గుండా నేర్పుతారు. ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో అనుకుని, తర్వాత స్పానిష్‌లోకి మార్చడం అలవాటవుతుంది. చిక్కు అక్కడే వస్తుంది. "ఐ లైక్ కాఫీ" అని మొదలుపెట్టిన పిల్లాడు స్పానిష్‌లో కూడా నేను అనే మాట కోసం వెతుక్కుంటాడు. స్పానిష్‌లో ఆ వాక్యానికి కర్త కాఫీ. "మే గుస్తా ఎల్ కఫే." అదే పిల్లాణ్ణి "నాకు కాఫీ ఇష్టం" అని తెలుగులో అనుకోమనండి. నాకు, కాఫీ, ఇష్టం. స్పానిష్ వాక్యం నడక కూడా ఇదే. ఇష్టమైనవి ఒకటి కాక రెండైతే క్రియ బహువచనం అవుతుంది, ఎందుకంటే కర్త అవే కాబట్టి. తెలుగు పిల్లలకు ఇది ఒక్కసారి చెబితే చాలు. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్లలు మూడో ఏడులో కూడా ఇక్కడ తడబడటం నేను క్లాసులో చూస్తూనే ఉంటాను.

ఇంకొకటి. స్పానిష్‌లో జరిగిపోయిన పనికి రెండు రూపాలున్నాయి. ఒకసారి జరిగి ముగిసినదానికి ఒకటి, అప్పట్లో మామూలుగా జరుగుతుండేదానికి ఇంకొకటి. ఇంగ్లీషు గుండా వచ్చినవాళ్లకు ఇది పెద్ద కొండ. మనకు? "చిన్నప్పుడు మహేంద్రతనయలో ఈదేవాణ్ణి. ఒకరోజు ములిగిపోయాను." ఈదేవాణ్ణి ఒక రూపం, ములిగిపోయాను ఇంకో రూపం. మన అమ్మమ్మలు పాత సంగతులు చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా తప్పుపోకుండా వాడే తేడా ఇది. స్పానిష్ కథ చెప్పే తీరంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

అలాగే "ఆయన మాస్టారు" అనడానికి మనకు క్రియ అక్కర్లేదు, "ఆయన ఇంట్లో ఉన్నారు" అనడానికి కావాలి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే క్రియ. స్పానిష్‌లో రెండు వేరు వేరు క్రియలు. మనం ఏమీ పెట్టని చోట ఒకటి, 'ఉండు' వాడే చోట రెండోది. అన్నిచోట్లా కుదరదు గానీ, చాలాచోట్ల కుదురుతుంది. చదివాను, చదివావు అంటే చదివింది ఎవరో విడిగా చెప్పనక్కర్లేదు కదా, అక్కడా అంతే. నువ్వు, మీరు తేడా అక్కడా ఉంది. అది దేశాన్ని బట్టి మారుతుంది కూడా, మన జిల్లాల మధ్య మారినట్టే. ఇక పలకడం సంగతి. స్పానిష్ త, ద మన త, ద లాగానే నాలుక పళ్లకు తగిలి పలుకుతాయి. ప, క లలో ఊపిరి వదలరు. రాసినట్టే చదువుతారు. మన నోటికి ఇవన్నీ అలవాటే.

కష్టమైనవి లేవని కాదు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అంటే మనకు నవ్వొస్తుంది. తెలుగులో లేదు, ఒడియాలోనూ లేదు. హిందీ బాగా వచ్చిన పిల్లలకు ఆ అలవాటు కాస్త ఉంటుంది. కోరికకూ అనుమానానికీ క్రియ వేరే రూపంలోకి మారడం ఒకటుంది. దానికి మాత్రం అభ్యాసం తప్ప దారి లేదు.

ఇక చరిత్ర. ఇక్కడ మీకు తెలిసిన కథతోనే మొదలుపెడతాను. మిత్రలాభం, మిత్రభేదం మన ఇళ్లలో అందరూ విన్నవే. ఆ పంచతంత్రం 6వ శతాబ్దంలో పారశీకుల పహ్లవీ భాషలోకి వెళ్లింది. అక్కడినుంచి 8వ శతాబ్దంలో అరబ్బీలోకి మారింది. అరబ్బీతో పాటు స్పెయిన్ చేరింది. 711 నుంచి స్పెయిన్‌లో చాలా భాగం ముస్లిం పాలకుల చేతిలో ఉండేది. 1251లో, తర్వాత పదో అల్ఫోన్సోగా గద్దెనెక్కిన యువరాజు చొరవతో ఆ అరబ్బీ పుస్తకం కాస్తిల్ ప్రాంతపు వాడుక భాషలోకి వచ్చింది. ఆ వాడుక భాషే ఇవాళ మనం స్పానిష్ అంటున్నది. ఆ భాషలో వచన కథలకు తొలి పుస్తకాల్లో ఇదొకటి. అప్పటికి చదువుకున్నవాళ్ల భాష లాటిన్. ఇంటి భాషలో వచనం రాయడం, దానికి రాజు మద్దతివ్వడం పెద్ద సంగతి. వాడుక భాషలో పాఠాలు ఉండాలని పంతులుగారు పోరాడిన ఊళ్లో ఈ మాటకు ఎంత బరువుందో వేరే చెప్పనక్కర్లేదు. స్పెయిన్‌లోని తొలేదో నగరంలో ఆ కాలంలో అరబ్బీ వచ్చినవాళ్లూ, హీబ్రూ వచ్చినవాళ్లూ, లాటిన్ వచ్చినవాళ్లూ ఒకేచోట కూర్చుని అనువాదాలు చేశారు. మూడు మతాలవాళ్లు.

తర్వాత 1492 వచ్చింది. ఆ ఒక్క ఏడులో చాలా జరిగాయి. స్పెయిన్‌లో ముస్లిం పాలకులకు చివరగా మిగిలిన గ్రనాదా పడిపోయింది. యూదులను దేశం నుంచి వెళ్లగొట్టారు. కొలంబస్ ఓడెక్కాడు. నెబ్రిహా అనే పండితుడు కాస్తిల్ భాషకు వ్యాకరణం రాసి ఇసబెల్ రాణికి అంకితం ఇచ్చాడు. సామ్రాజ్యం వెంట భాష ఎప్పుడూ నడుస్తుందని ముందుమాటలో రాశాడు కూడా. వ్యాకరణం రాయడం వెనక ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, జయించిన జనం మన భాష నేర్చుకోవాలి కదా అని.

పంతులుగారిని ఇప్పుడు ఆ పక్కన నిలబెట్టి చూడండి. ఆయనా వ్యాకరణం రాశారు. 1931లో అచ్చయింది. కొండల మీద నుంచి ఈ ఊరి బజారుకి దిగే సవరల మాట విని, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, సొంత డబ్బు పెట్టి బడి నడిపారు. పెద్ద భాషని చిన్నవాళ్ల మీద రుద్దడానికి రాసిన వ్యాకరణం ఒకటి. చిన్నవాళ్ల భాషను పెద్దవాళ్లు నేర్చుకోవడానికి రాసినది ఇంకొకటి. స్పానిష్ చదువులో నేను పిల్లలకు మొదట చెప్పేది ఈ తేడానే.

అమెరికా ఖండంలో రెండో రకం మనుషులూ లేకపోలేదు. 1560లో ఒక సన్యాసి, పెరూ వైపు అండీస్ కొండల జనం మాట్లాడే కేచువా భాషకు వ్యాకరణం రాసి స్పెయిన్‌లో అచ్చువేయించాడు. మెక్సికోలో సహగున్ అనే ఇంకో సన్యాసి, తన దగ్గర చదువుకున్న అక్కడి కుర్రాళ్లతో కలిసి, ఆ జనం దేవుళ్లూ పండగలూ మందులూ పంటలూ అన్నీ వాళ్ల నావాత్ల్ భాషలోనే రాయించాడు. మొత్తం 12 భాగాలు. ఒక పక్క నావాత్ల్, ఇంకో పక్క స్పానిష్. స్పెయిన్ రాజుకి అది నచ్చలేదు, రాతప్రతులు స్వాధీనం చేసుకోమని 1577లో ఉత్తర్వు పంపాడు. పని చేసినవాళ్లు మతం మార్చడానికి వచ్చినవాళ్లే, అది మరిచిపోకూడదు. కానీ ఆ అక్షరాలు మిగలకపోతే ఆ జనం సొంత మాటల్లో వాళ్ల బతుకు మనకు ఇంత తెలిసేది కాదు. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడమే ఈ సబ్జెక్టులో కష్టం, ఇష్టం కూడా.

పెరూలో 1780లో తుపాక్ అమారు నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు వచ్చింది. మరుసటి ఏడు అతన్ని కుస్కో నగరం నడిబొడ్డున చంపారు. ఆ తర్వాత కేచువా మాటనీ, ఆ వేషాన్నీ, ఆ నాటకాలనీ అణచమని ఉత్తర్వులు ఇచ్చారు. 1821లో పెరూ స్వతంత్రం ప్రకటించుకుంది. అయినా కేచువాకు అధికార భాష హోదా రావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. పరాయివాళ్లు పోగానే చిన్న భాషకు న్యాయం జరుగుతుందని అనుకుంటాం. జరగలేదు.

పరాగ్వే కథ వేరు. అక్కడ గ్వారానీ అనే భాషను ఆదివాసులు మాత్రమే కాదు, ఊళ్లో అందరూ మాట్లాడతారు. డాక్టరూ మాట్లాడతాడు, బస్సు డ్రైవరూ మాట్లాడతాడు. 1932 నుంచి 1935 దాకా బొలీవియాతో యుద్ధం జరిగినప్పుడు సైన్యంలో కబుర్లు గ్వారానీలోనే నడిచాయి. అయినా బడిలో మాత్రం చాలాకాలం స్పానిషే. గ్వారానీ మాట్లాడితే దెబ్బలు తిన్న తరాలున్నాయి. 1992 రాజ్యాంగంతో రెండూ సమానమయ్యాయి. ఇంకో ముచ్చట చెప్పాలి. మేము, మనం తేడా స్పానిష్‌లో లేదు. కేచువాలో ఉంది, గ్వారానీలో ఉంది. మన తెలుగు పిల్ల స్పానిష్ గుండా వెళ్లి అండీస్ కొండల మీది భాషలో ఈ తేడా చూసినప్పుడు ఆమె ముఖం వెలిగిపోవడం నేను చూశాను. ఇప్పుడామె కేచువా నేర్చుకుంటోంది.

బడుల మాట వచ్చింది కాబట్టి బాస్క్ జనం గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను. తల్లిదండ్రులున్నారు, మీ కోసమే.

స్పెయిన్ ఉత్తరాన, ఫ్రాన్స్ సరిహద్దులో బాస్క్ భాష ఉంది. స్పానిష్‌తో దానికి చుట్టరికమే లేదు. అసలు ప్రపంచంలో ఏ భాషతో చుట్టరికం ఉందో తేలలేదు. ఫ్రాంకో నియంతగా ఉన్న రోజుల్లో, అంటే 1939 నుంచి 1975 దాకా, బడిలో ఆ భాషకు చోటు లేదు. మరి ఎలా నిలిచింది? తల్లులూ పంతులమ్మలూ ఇళ్లలో పెట్టుకుని నేర్పారు. 1940ల్లో ఎల్బిరా సిపిట్రియా అనే పంతులమ్మ సాన్ సెబాస్తియన్‌లో ఇంట్లోనే కొద్దిమంది పిల్లలను కూర్చోబెట్టి బాస్క్‌లో పాఠాలు మొదలుపెట్టింది. 1960ల్లో అలాంటి బడులు ఊరూరా లేచాయి. వాటిని ఇకస్తోలా అంటారు. జీతాలు తల్లిదండ్రులు చందాలేసుకుని ఇచ్చారు. అప్పటికి ఆ భాషకు అందరూ ఒప్పుకున్న రాత కూడా లేదు, ఒక్కో లోయలో ఒక్కో తీరు. 1968లో పండితులు కూర్చుని ఒక ఉమ్మడి రాతను ఖాయం చేయడం మొదలుపెట్టారు. దాని మీద గొడవలూ జరిగాయి. వాడుకా గ్రాంథికమా అని మనవాళ్లు పడ్డ గొడవ చదివినవాళ్లకు అది కొత్తగా ఉండదు.

1979లో స్వయంపాలన వచ్చింది. 1982లో చట్టం చేసి, బడిలో ఏ భాషలో చదవాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకు ఇచ్చారు. మూడు దారులు పెట్టారు. 'ఏ' (A) అనే మోడల్‌లో పాఠాలు స్పానిష్‌లో, బాస్క్ ఒక సబ్జెక్టు. బీ మోడల్‌లో సగం సగం. డీ మోడల్‌లో పాఠాలు బాస్క్‌లో, స్పానిష్ ఒక సబ్జెక్టు. మొదట్లో ఎక్కువమంది భయపడి 'ఏ' మోడల్ వైపే వెళ్లారు. పిల్లాడి భవిష్యత్తు పాడైపోతుందేమోనని. మనకు తెలిసిన భయమే. తర్వాత డీలో చదివిన పిల్లలకు స్పానిష్ కూడా చక్కగా వస్తోందని తేలింది, చుట్టూ ఊరంతా స్పానిషే కదా, రాకుండా ఎక్కడికి పోతుంది? ఇవాళ అక్కడ ఎక్కువమంది పిల్లలు డీలోనే ఉన్నారు. బాస్క్ రాని తల్లిదండ్రులు సాయంత్రం క్లాసులకు వెళ్లి నేర్చుకున్నారు, పిల్లల హోంవర్క్ చూడటానికి.

అంతా బాగుందని చెప్పను. క్లాసులో బాస్క్ చదివి, ఆటస్థలంలోకి రాగానే స్పానిష్‌లోకి మారిపోయే పిల్లలు చాలామంది. బడి భాషను నేర్పగలదు, ఆడుకునే భాషగా చేయడం బడి ఒక్కదాని వల్ల కాదు. మనది దీనికి తలకిందుల కష్టం. మన తెలుగు ఆటలో ఉంది, వంటింట్లో ఉంది, పెళ్లిళ్లలో ఉంది. రాతలో లేదు. మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, శుభలేఖ మీద పేరు చదవలేరు. బాస్క్ వాళ్లకు ఏది కష్టమైందో అది మనకు ఉచితంగా ఉంది, వాళ్లకు కుదిరింది మనకు కుదరడం లేదు. దీని మీద ఎవరైనా ఒక పరిశోధన చేయాలి. రెండు ప్రాంతాలూ తెలిసినవాళ్లే చేయగలరు. అంటే స్పానిష్ చదివిన పర్లాకిమిడి పిల్లో, బరంపురం పిల్లాడో. వేరేవాళ్లకు ఇది తట్టదు కూడా.

పెద్దాయన అడిగినదానికి జవాబులో సగం ఇదేనండీ. తెలుగుని వదిలి స్పానిష్‌కి పొమ్మని నేను అనడం లేదు. ఒడియా మీద కోపంతో చదవమనీ అనడం లేదు. ఒడియాలో చదువుకున్న పిల్లలు నాకు క్లాసులో ఎంతో చురుగ్గా కనిపిస్తారు, రెండు లిపులు ముందే వచ్చి ఉంటాయి కాబట్టి. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు పంతులుగారు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడు మంగెయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశారు. ఒకే ఏడు, ఒకే కొండల చుట్టూ, ఒక భాషవాళ్లు చోటు పోయిందని బాధపడ్డారు, ఇంకో భాషవాళ్లు అక్షరం సంపాదించుకున్నారు. ఇలాంటివి అర్థం చేసుకునే చూపు స్పానిష్ చదువు ఇస్తుంది.

సంస్కృతి అంటే డాన్సులూ ఎద్దుల పోట్లాటలూ అనుకునేవాళ్లకు మొక్కజొన్న సంగతి చెప్తాను. మన గజపతి కొండల మీద ఎక్కడ చూసినా మొక్కజొన్నే. దాన్ని అడవి గడ్డి నుంచి పంటగా మార్చింది మెక్సికో జనం, 9,000 ఏళ్ల కిందటి మాట. వాళ్లు గింజను ఊరికే పిండి కొట్టరు. ఒక పెద్ద కుండలో నీళ్లు, గింజలు, అందులో సున్నం వేసి ఉడికిస్తారు. మన కిళ్లీకి రాసుకునే సున్నం లాంటిదే. రాత్రంతా నాననిస్తారు. పొద్దున్నే గింజను వేళ్లతో నలిపితే పైపొట్టు జారిపోతుంది, నీళ్లు పచ్చగా అవుతాయి. కడిగి, రాతి మీద రుబ్బి, ఆ ముద్దతో రొట్టెలు కాలుస్తారు. దాన్ని నిష్తమల్ అంటారు. ఆ సున్నం వల్ల గింజలో బిగిసిపోయి ఉన్న నియాసిన్ అనే విటమిన్ విడుదలై ఒంటికి పడుతుంది.

స్పెయిన్ వాళ్లు గింజను తీసుకెళ్లారు, ఈ పద్ధతిని తీసుకెళ్లలేదు. ఫలితం ఏమైంది? మొక్కజొన్న మీదే బతికిన బీదవాళ్లకు చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చెడి, ప్రాణాలు పోయాయి. అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో ఆ జబ్బును మొదటిసారి వర్ణించాడు. పెల్లాగ్రా. మన దక్కన్‌లో జొన్న మీదే బతికినవాళ్లలోనూ అది కనిపించింది, హైదరాబాద్‌లోని పోషకాహార శాస్త్రవేత్తలు దాని మీద ఎంతో పని చేశారు. గింజ ఓడెక్కింది, గింజను వండే ఆడవాళ్ల తెలివి ఓడెక్కలేదు. ఆ తెలివిని అడిగి తెలుసుకోవడానికి వాళ్ల భాష రావాలి కదా. సంస్కృతి చదవడం అని నేను అనేది ఈ పనిని. ఈ మొక్కజొన్న దారిలోనే మనవాడు ఒకాయన అటు వెళ్లాడు కూడా. వార్ధా వైపు పుట్టిన పాండురంగ ఖాన్‌ఖోజే స్వాతంత్ర్య పోరాటంలో దేశం విడిచి 1924లో మెక్సికో చేరాడు. అక్కడ చపింగో వ్యవసాయ విద్యాలయంలో పాఠాలు చెప్పి మొక్కజొన్న మీద పరిశోధన చేశాడు. చిత్రకారుడు దియేగో రివేరా ఆయన్ని గోడ మీద బొమ్మగా వేశాడు.

సరే, ఉద్యోగాలు. తల్లిదండ్రులు దీని కోసమే ఓపిక పట్టారని తెలుసు.

ఇంగ్లీషు ఒక్కటే వచ్చిన డిగ్రీ కన్నా ఇది మెరుగు. హైదరాబాద్, బెంగళూరుల్లో స్పానిష్ వచ్చినవాళ్లకు కంపెనీల్లో పని ఉంది. రాత్రి డ్యూటీలుంటాయి, ఎందుకంటే మనకు రాత్రయితే మెక్సికోకు పగలు. కొన్నేళ్లకు విసుగు పుడుతుంది, అది ముందే తెలుసుకుని వెళ్లండి. పైడిభీమవరం వైపు తయారయ్యే మందులు లాటిన్ అమెరికాకు వెళ్లాలంటే అక్కడి ప్రభుత్వాలకు కాగితాలు స్పానిష్‌లో పెట్టాలి. సైన్సు తెలిసి స్పానిష్ వచ్చిన అనువాదకులు దొరకడం కష్టం. ప్లస్ టూ సైన్సు చదివిన పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి. శ్రీకాకుళం, గంజాం తీరంలో వేసే వెనామీ రొయ్య అసలు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. రొయ్యల ఎగుమతిలో మనకు పెద్ద పోటీ ఈక్వడార్. వాళ్లు చెరువులు ఎలా నడుపుతున్నారో, జబ్బులకు ఏం చేస్తున్నారో వాళ్ల భాషలో చదవగల మనిషి మన తీరంలో ఉండటం లాభమా కాదా మీరే చెప్పండి.

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ అనంతపురం. బార్సిలోనాలో పుట్టిన విసెంతే ఫెర్రర్ 1952లో మన దేశం వచ్చి, 1969లో అనంతపురంలో స్థిరపడి, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థకు స్పెయిన్‌లో లక్షమందికి పైగా సామాన్యులు నెలనెలా డబ్బు పంపుతూ వచ్చారు. ఇక్కడి పిల్లల ఉత్తరాలు అటు, అక్కడివాళ్ల ఉత్తరాలు ఇటు. మధ్యలో కూర్చుని వాటిని తెలుగులోంచి స్పానిష్‌లోకీ, స్పానిష్‌లోంచి తెలుగులోకీ మార్చేది తెలుగు యువతీయువకులే. పల్లెటూరి పిల్ల తన మేకపిల్ల గురించి రాసిన నాలుగు వాక్యాలు స్పెయిన్‌లో ఒక ముసలమ్మకు అందాలంటే ఆ వాక్యాలు తెలిసిన మనిషి కావాలి. అలాంటి పని కోసం చదివితే చదువు వృథా కాదు.

నెల రోజుల్లో స్పానిష్ అని బోర్డులు పెట్టేవాళ్లకు డబ్బు కట్టకండి. ఈ మాట ఖచ్చితంగా చెప్తున్నాను. స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు. మూడేళ్లు శ్రద్ధగా చదివితే బీ2 అందుకోవచ్చు. దానికి దేలే అనే పరీక్ష ఉంది, స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ నిర్వహిస్తుంది. ఢిల్లీలో దాని కేంద్రం ఉంది. ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు, ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది.

జేఎన్‌యూకైనా ఢిల్లీ విశ్వవిద్యాలయానికైనా సియుఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇఫ్లూ నోటిఫికేషన్ విడిగా చూసుకోండి, ఏ ఏటి పద్ధతి ఆ ఏటిదే. మన పిల్లలు ఇక్కడ ఓడిపోయేది తెలివి లేక కాదు, తేదీ తెలియక. ప్లస్ టూ రెండో ఏడు చలికాలం నుంచే చూడటం మొదలుపెట్టండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు కేంద్రం నమూనాలో తీసుకోవాలి. రాష్ట్రం నమూనా పట్టుకెళితే తిప్పి పంపుతారు. పేరు ఆధార్‌లో ఒకలా, మార్కుల జాబితాలో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఒడియా అక్షరాల్లోంచి ఇంగ్లీషులోకి, తెలుగు అక్షరాల్లోంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మన ఇంటిపేర్లు రెండు రకాలుగా పడిపోతాయి. ఈ సరిహద్దు జిల్లాల్లో ప్రతి రెండో ఇంట్లో ఉన్న బాధ ఇది.

ఆడపిల్లని అంత దూరం పంపాలా అని ఒక అమ్మ చీటీ రాసి పంపారు. అమ్మా, హాస్టల్ ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఖర్చు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. సీనియర్ అమ్మాయిలు ఉంటారు, పలాసలో రైలెక్కితే హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం. పంపండి. వెళ్లే ముందు ఒక పని మాత్రం చేయించండి. మీ అమ్మాయికి తెలుగు చదవడం రాయడం రాకపోతే వచ్చే వేసవిలోనే నేర్పించండి. అనువాదం పేపరులో స్పానిష్ నుంచి తెలుగులోకి చేయగల పిల్లలు క్లాసుకి ఒకరిద్దరు కూడా దొరకడం లేదు, ఆ చోటు ఖాళీగానే ఉంది. మిగతా చీటీలు కూడా ఇటు ఇవ్వండి, చూద్దాం.